ఇద్దరు చిన్ననాటి స్నేహితుల ప్రేమ నవల రాస్తున్నా, చదివినవాళ్లంతా 'ఫ్రెండ్‌షిప్ అదిరింది' అంటున్నారు. ఏం చెయ్యాలి?

కొవ్వూరు కుర్రోడు:

నమస్తే అండి. ఒక నవల రాస్తున్నాను. ఇద్దరు మగవాళ్ల ప్రేమకథ. నేనూ గేనే, కాబట్టి "నీకెందుకు ఈ సబ్జెక్టు" అని మాత్రం అడగొద్దు. రాయడంలో ఇరుక్కుపోయాను, సాయం కావాలి.

కథ ఇది. వాసు, సత్తిబాబు కొవ్వూరులో ఒకే వీధి పిల్లలు. గోదావరి పుష్కరాలు పన్నెండేళ్లకోసారి వస్తాయి కదా, నవలలో మూడు భాగాలూ మూడు పుష్కరాల్లో జరుగుతాయి. 1991లో ఇద్దరికీ ఏడేళ్లు. గోష్పాద క్షేత్రం రేవులో తాడుకి అయస్కాంతం కట్టి, యాత్రికులు వేసిన చిల్లర లాగుతుంటారు. 2003లో పంతొమ్మిదేళ్లు. పుష్కరాలకొచ్చిన చుట్టాలతో ఇల్లు నిండిపోతే ఇద్దరూ సత్తిబాబు వాళ్ల డాబా మీద పడుకుంటారు. ఆ రాత్రి జరిగినదాని గురించి తెల్లారాక ఇద్దరూ నోరెత్తరు. తర్వాత వాసు చదువుకని హైదరాబాద్, అక్కణ్ణుంచి అమెరికా. సత్తిబాబు వాళ్ల నాన్న ఎరువుల కొట్టులో కూర్చుంటాడు. 2010లో పెళ్లి, ఒక పాప. 2015 పుష్కరాలకి వాసు ఊరొస్తాడు, చనిపోయిన నాన్నకి పిండం పెట్టడానికి. రేవు మెట్ల మీద సత్తిబాబు ఎదురుపడతాడు. అసలు కథ అక్కణ్ణుంచి.

మొదటి భాగం అయిపోయింది, రెండోది సగంలో ఉంది. తెలిసినవాళ్లకి పంపాను. ఒకాయన "మా బావ గుర్తొచ్చాడండీ" అన్నాడు. ఇంకొకావిడైతే "ఈ రోజుల్లో ఇలాంటి స్నేహాలు ఎక్కడున్నాయి" అని కళ్లనీళ్లు పెట్టుకున్నారు. ఒక్కరికంటే ఒక్కరికి కూడా ఇది ప్రేమ అని తట్టలేదు. అట్ట మీదే 'గే ప్రేమకథ' అని వేసేస్తే గొడవ లేదనుకోండి. కానీ వేయకుండానే తెలియాలని నా పట్టుదల.

మన ఊళ్ల సంగతి మీకు తెలియంది కాదు. ఇద్దరు మగపిల్లలు చిటికెన వేళ్లు పట్టుకుని సెకండ్ షో నుంచి నడిచొస్తారు, ఒకే కంచంలో తింటారు, ఒకే దుప్పటి కప్పుకుంటారు. ఎవరూ ఏమీ అనుకోరు. అదే పక్కింటమ్మాయితో ఐదు నిమిషాలు నిలబడి మాట్లాడితే సాయంత్రానికి ఇంట్లో పంచాయితీ. చిన్నప్పుడు నాకిది బాగా కలిసొచ్చింది, అబద్ధం ఎందుకు. రాసేటప్పుడు మాత్రం ఇదే అడ్డం పడుతోంది. నేనేం రాసినా స్నేహం ఖాతాలోకి వెళ్లిపోతోంది.

ముగింపు కూడా తేలలేదు. దాని గురించి కూడా ఎవరికైనా ఆలోచన ఉంటే చెప్పండి.

ఎర్రకాలువ:

బ్రో, నువ్వు పంపిన అధ్యాయాలు చదివాను. డాబా, దుప్పటి, సైకిలు అన్నీ తీసెయ్. స్నేహితులు మామూలుగా చేసేవన్నీ వీళ్లచేత చేయించి, ఆపైన కొంచెం ఎక్కువ చేయిస్తున్నావు. ఆ కొంచెం ఎవరికీ కనబడదు. అందుకని తక్కువ చేయించు.

ఉదాహరణకి, పదహారేళ్లొచ్చాక సత్తిబాబు వీధిలో అందరి భుజాల మీదా చెయ్యేస్తాడు, వాసు భుజం మీద మాత్రం వెయ్యడు. వికెట్ పడితే అందరూ ఒకరి మీద ఒకరు దూకుతారు, వీడు బంతి తేవడానికి వెళ్తాడు. గోదాట్లో ఈతకి దిగేటప్పుడు చొక్కాలు విప్పి గట్టు మీద పడేస్తుంటే వీడు అటు తిరిగి నిలబడతాడు. మనవాళ్లు ముట్టుకోవడాన్ని పట్టించుకోరు గానీ, ముట్టుకోకపోతే ఇట్టే పసిగడతారు. "ఏరా, మీ ఇద్దరికీ ఏమైనా గొడవా?" అని వాళ్లమ్మ చేత అడిగించు. సత్తిబాబు "ఏం లేదే" అంటాడు. ఇంక చాలు, మిగతాది పాఠకుడే చూసుకుంటాడు.

ఇంకొకటి. పన్నెండేళ్లు కనబడకుండా పోయి మెట్ల మీద హఠాత్తుగా కలవడం ఏంటి? అది పాత సినిమా. ఆర్కుట్ 2004లోనే వచ్చింది. 2015కల్లా పదో తరగతి బ్యాచ్ వాట్సాప్ గ్రూప్ లేని ఊరుందా? పొద్దున్నే గులాబీలు, రాత్రికి గుడ్‌నైట్ దీపాలు. ఈ కాలంలో చిన్ననాటి స్నేహితుడు తప్పిపోయాడంటే నేను నమ్మను.

కొవ్వూరు కుర్రోడు:

ఎర్రకాలువ గారూ, వాళ్లు తప్పిపోలేదండి. ఫేస్‌బుక్‌లో ఫ్రెండ్సే. ఏడాదికోసారి ఒకడు "హ్యాపీ బర్త్‌డే రా" అంటాడు, రెండోవాడు "థాంక్స్ రా" అంటాడు. పన్నెండేళ్లలో ఇద్దరి మధ్యా నడిచిన మాటలు అవే. అది రెండో భాగం చివర్లో వస్తుంది, మీకు పంపినదాంట్లో లేదు. నెంబరుంది, ఫోన్ చెయ్యరు. నాకు తెలిసిన ఎడబాటు ఇదే, నదికి ఆ ఒడ్డూ ఈ ఒడ్డూ వ్యవహారం కాదు.

ముట్టుకోకపోవడం మాత్రం తీసుకుంటున్నా. బ్యాచ్ గ్రూప్‌లోనూ పనికొస్తుంది. సత్తిబాబు ప్రతి అడ్డమైన పోస్టుకీ దండం బొమ్మ పెట్టే రకం. వాసు ఫోటో పెడితే మాత్రం చూసి ఊరుకుంటాడు.

డాబా తియ్యను. దాని కోసమే నవల మొదలుపెట్టాను.

సంప్రదాయం99:

ఇలాంటివి మన సంస్కృతిలో లేవు. పుష్కరాల్లాంటి పవిత్రమైన సందర్భంలోనే పెట్టాలా? రాయడానికి రైతు సమస్యలు లేవా?

కొవ్వూరు కుర్రోడు:

ఉన్నాయండి. మావాడిది ఎరువుల కొట్టు. యూరియా కోసం రైతులు లైన్లో చెప్పులు పెట్టి వెళ్లే అధ్యాయం ఒకటుంది, అది మీకు పంపిస్తా.

పేరు చెప్పను:

తమ్ముడూ, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. వాసుకి పేరుంది, సత్తిబాబుకి పేరుంది. సత్తిబాబు భార్యకి లేదు. "2010లో పెళ్లి, ఒక పాప" అని రాశావు, కొట్టుకి కొత్త షట్టరు పెట్టించినట్టు.

నేను అలాంటి పెళ్లిలోనే భార్యగా ఉన్నదాన్ని, అందుకే చెబుతున్నా. మా ఆయన మంచివాడే. చెయ్యెత్తింది లేదు, తాగింది లేదు. నా కష్టం కూడా అదే, ఎవరికైనా ఏమని చెప్పుకోను? పిల్లలు పుట్టట్లేదని నన్నే డాక్టర్ల చుట్టూ తిప్పారు. పరీక్షలన్నీ నాకే. మా అత్తగారు నా చేత సోమవారాలు చేయించింది, చెట్టుకి ఊయల కట్టించింది. ఆయనకి ఒక స్నేహితుడుండేవాడు, కాలేజీ నుంచి. ప్రతి పండక్కీ వచ్చేవాడు. ఆయనొస్తున్నాడంటే నేనే బొబ్బట్లు చేసేదాన్ని. ఆ రోజు మా ఆయన మొహం వెలిగిపోయేది, వంటింట్లోకి వచ్చి పళ్లేలు కూడా అందించేవాడు. ఇల్లు కళకళలాడుతోందని నేనూ సంతోషపడేదాన్ని. పిచ్చిదాన్ని అనుకోకు. నువ్వే చెప్పావుగా, మన దగ్గర ఎవరూ ఏమీ అనుకోరని.

తెలిసిన రోజు పెద్ద గొడవేం జరగలేదు. భోజనాలప్పుడు స్నేహితుడు ఏదో జోకేశాడు. అందరం నవ్వాం. మా ఆయన నవ్వలేదు, ఆయన్నే చూస్తున్నాడు. నన్ను ఎవరైనా ఒక్కసారైనా అలా చూశారా అనిపించింది. అంతే.

తర్వాత ఇద్దరి ఒప్పందంతో విడాకులు తీసుకున్నాం. హిందూ వివాహ చట్టంలో 13బి అంటారు. పిటిషన్ వేశాక ఆరునెలలు ఆగమన్నారు, ఆ ఆరునెలలు రెండువైపుల పెద్దవాళ్లూ మమ్మల్ని కలపడానికి చెయ్యని ప్రయత్నం లేదు. నాకు ఆయన మీద ఇప్పుడు కోపం లేదు. వాళ్ల అన్నయ్య మీద ఉంది. ఆయనకి ముందే తెలుసు. "పెళ్లయితే అదే సర్దుకుంటుంది" అని నా మీద ప్రయోగం చేశాడు.

నీ పాఠకులకి ప్రేమ కనబడట్లేదంటున్నావు కదా. ఆమెకి కనబడుతుంది. ఆమె వైపు నుంచి ఒక్క అధ్యాయం రాయి. నీ మొదటి సమస్య కూడా అక్కడే తీరుతుంది. ఆమెని దేవతని మాత్రం చెయ్యకు. భర్తనీ, స్నేహితుణ్ణీ దీవించి పంపేసే భార్యని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

రేవు లాంచీ:

బాబూ, మాది రాజమండ్రి. నాలుగు పుష్కరాలు చూసినవాణ్ణి. ప్రేమ సంగతి మీ వయసువాళ్లు చూసుకోండి, పుష్కరం సంగతి నేను చెబుతాను.

2015లో వాళ్లిద్దర్నీ ఏ రోజు కలిపావు? మొదటి రోజైతే మార్చెయ్. జులై 14 పొద్దున ఇక్కడ పుష్కర ఘాట్ దగ్గర తొక్కిసలాటలో పాతిక మందికి పైగా పోయారు. 144 ఏళ్లకోసారి వచ్చే మహా పుష్కరం అని ప్రచారం చేస్తే జనం విరగబడి వచ్చారు. ఆ గుంపులో ఇద్దరు ప్రేమికులు ఒకరి చెయ్యి ఒకరు దొరకబుచ్చుకునే సీను రాయాలని ఎవరికైనా చెయ్యి దురద పుడుతుంది. వద్దు. పోయినవాళ్లు ఇంకొకళ్ల కథకి అలంకారం కాకూడదు. మీది కొవ్వూరేగా, ఓ నాలుగైదు రోజులయ్యాక, జనం కాస్త పలచబడ్డాక పెట్టు. తొక్కిసలాట వార్త ఎలాగూ ఊరంతా ఉంటుంది, వాళ్లమ్మ "జాగ్రత్తరా, తొలిరోజు ఏమైందో చూశావుగా" అంటే సరిపోద్ది.

1991లో హేవలాక్ వంతెన మీద ఇంకా రైళ్లు తిరిగేవి. 1997లో ఆపేశారు, ఆర్చి వంతెన వచ్చింది. 2003లో డాబా మీద పడుకున్నవాడికి పాత వంతెన చప్పుడు వినబడదు. కావాలంటే వాడుకో.

అసలు చెప్పాలనుకున్నది పిండప్రదానం. వాసు వాళ్ల నాన్నకి పెడతాడన్నావు. బాగుంది. అక్కడ చొక్కా తీసి, తడిపంచెతో, వేలికి దర్భ పవిత్రం పెట్టుకుని కూర్చుంటాడు. పంతులు గోత్రం అడుగుతాడు, మూడు తరాల పేర్లు అడుగుతాడు. అమెరికావాడు ముత్తాత పేరు దగ్గర తడబడతాడు, అందరూ తడబడతారు. సొంతవాళ్లకి పెట్టాక కారుణ్య పిండాలని ఉంటాయి. మేనమామలు, మేనత్తలు, గురువులు, స్నేహితులు, పోయినవాళ్లలో నువ్వు తలుచుకోవాలనుకున్న ఎవరికైనా. పంతులు "ఇంకెవరైనా ఉన్నారా" అని అడుగుతాడు. చాలామంది లేరంటారు, లేచిపోయే తొందర.

సత్తిబాబు వాళ్లమ్మ ఉందా, పోయిందా? ఈ పన్నెండేళ్లలో ఆవిడ పోయిందనుకో. వాసు చిన్నప్పుడు సగం అన్నం ఆవిడ చేతి మీదే తిని ఉంటాడు. పంతులు అడిగితే ఆవిడ పేరు చెబుతాడు. గోత్రం అంటే గోత్రం కూడా చెబుతాడు, ఎవర్నీ అడక్కుండా. ముత్తాత పేరు గుర్తులేనివాడికి పక్కింటావిడ గోత్రం ఎలా గుర్తుంది? చిన్నప్పుడు ఆవిడతో గుడికెళ్లి అర్చనలో విని ఉంటాడు. వెనక మెట్టు మీద సత్తిబాబు నిలబడి వింటున్నాడు. ఇంక వాళ్లిద్దరూ మాట్లాడుకోవాల్సిన పనేముంది బాబూ? మూడు పేజీల డైలాగు మిగిలిపోద్ది. ఆయ్.

కోర్టు గుమాస్తా:

తేదీలు సరిచూసుకోండి, మీ కథకి భలే కుదిరాయి. 2003లో ఇద్దరు మగవాళ్ల శారీరక సంబంధాన్ని నేరమనే 377వ సెక్షన్ నడుస్తోంది, శిక్ష పదేళ్లు, యావజ్జీవం దాకా వెళ్లొచ్చు. 2009 జులై 2న ఢిల్లీ హైకోర్టు పెద్దవాళ్ల మధ్య ఇష్టపూర్వకమైనది నేరం కాదంది. మీ సత్తిబాబు పెళ్లి 2010 అన్నారు. అంటే వాసు అమెరికాలో ఆ వార్త చదివి ఒక మెయిల్ టైప్ చేసి, పంపకుండా ఊరుకుని ఉండొచ్చు. మరుసటి ఏడాది శుభలేఖ వచ్చింది. 2013 డిసెంబర్ 11న సుప్రీంకోర్టు ఆ తీర్పు కొట్టేసింది, మళ్లీ నేరం. 2018 సెప్టెంబర్ 6 దాకా అదే పరిస్థితి. అంటే 2015 పుష్కరాలు సరిగ్గా ఆ మధ్యలో పడ్డాయి.

మీరు గమనించారో లేదో, అమెరికా సుప్రీంకోర్టు దేశమంతా ఇద్దరు మగవాళ్ల పెళ్లిని, ఇద్దరు ఆడవాళ్ల పెళ్లిని ఒప్పుకున్నది 2015 జూన్ 26న. మన పుష్కరాలు మొదలవడానికి మూడు వారాలు కూడా లేదు. ఆ రోజుల్లో ఫేస్‌బుక్‌లో ప్రొఫైల్ ఫోటో మీద ఇంద్రధనుస్సు రంగులు పెట్టుకునే సదుపాయం ఇచ్చారు. మనవాళ్లు కూడా చాలామంది డిజైన్ బాగుందని పెట్టేశారు, అదేంటో తెలియకుండా. వాసు పెట్టాడనుకోండి. సత్తిబాబు కొట్టులో కూర్చుని అది చూశాడు. వీడు కూడా డిజైన్ బాగుందని పెట్టాడా, నాకు చెబుతున్నాడా? ఆ టెన్షన్‌తో వాడు రేవుకి వస్తాడు.

నవలలో మాత్రం సెక్షన్ల గురించి ఉపన్యాసం ఇప్పించకండి. ఎరువుల కొట్టతనికి తీర్పు నెంబరు అక్కర్లేదు.

ఎర్రకాలువ:

గుమాస్తా గారూ, ఆ ఇంద్రధనుస్సు ఐడియా నాకొచ్చుంటే ఎవరికీ ఇచ్చేవాణ్ణి కాదు.

కుర్రోడూ, ముగింపు గురించి. ఒకణ్ణి చంపకు. విమానం ఎక్కించి కన్నీళ్లు పెట్టించకు. ఇంగ్లిష్ రచయిత ఫార్‌స్టర్ 'మారిస్' అని ఇద్దరు మగవాళ్ల ప్రేమ నవల 1913-14లో రాశాడు. ఇద్దర్నీ కలిపి ఉంచి ముగించాడు. ఆ ముగింపు వల్లే అచ్చు వెయ్యడం కష్టమైంది, ఒకడు ఉరి పోసుకున్నట్టు రాసుంటే ఇంత ఇబ్బంది ఉండేది కాదని పుస్తకం చివర ఆయనే చెప్పుకున్నాడు. ఆయన పోయాక 1971లో వచ్చింది. వందేళ్ల కిందట ఆయన చెయ్యగా లేనిది, నీకేం భయం? పైగా వచ్చే పుష్కరం 2027. నాలుగో భాగం అక్కడ పెట్టుకోవచ్చు.

కొవ్వూరు కుర్రోడు:

ఇంతమంది ఇంత రాస్తారనుకోలేదు. అందరికీ థాంక్స్.

లాంచీ గారూ, సత్తిబాబు వాళ్లమ్మని ఇప్పటిదాకా బతికించి ఉంచాను, మూడో భాగంలో ఆవిడకి పనేమీ లేదు కూడా. మీరు చెప్పింది చదివాక ఆవిడ 2011లో పోయింది. కారుణ్య పిండం సీను నిన్న రాత్రే మొదలుపెట్టాను. సత్తిబాబు వినేటప్పుడు ఏమీ అనడు. పంతులు దక్షిణ అడిగితే వాసు జేబులో చెయ్యి పెట్టేలోపు తను ఇస్తాడు. "మా అమ్మది కదా" అంటాడు. ఇద్దరూ మొదటిసారి మాట్లాడుకునేది అదే.

అక్కా, ఆమె పేరు పద్మ. బి.కాం. కొట్టు లెక్కలన్నీ ఆమే చూస్తుంది, ఏ రైతు ఎంత బాకీ ఉన్నాడో నోటికి చెబుతుంది. జులై అంటే ఖరీఫ్ నాట్ల రోజులు, ఎరువుల కొట్టుకి అదే అసలు సీజను. జ్వరమొచ్చినా షట్టరు దించని మనిషి వరసగా మధ్యాహ్నాలు కొట్టు మూసేసి రేవుకి పోతున్నాడు. ఊళ్లోవాళ్లు "పుష్కరాలు కదా, స్నేహితుడొచ్చాడు కదా" అంటారు. పద్మ మాత్రం పుస్తకంలో ఆ మూడు గంటల అమ్మకం ఎందుకు లేదో చూస్తుంది. ఆమెకి అక్కణ్ణుంచి తెలియడం మొదలవుతుంది. దేవతని చెయ్యను. పాప స్కూలు ఫీజు, తన పేరు మీద కొట్టు, రెండూ తేల్చుకున్నాకే మిగతా మాటలు మాట్లాడే మనిషిగా రాస్తాను.

ముగింపు గురించి ఎర్రకాలువ గారితో సగం ఏకీభవిస్తా. చంపను, విమానం ఎక్కించను. కానీ ఇద్దర్నీ హైదరాబాద్‌లో ఫ్లాటు తీసి కూర్చోబెట్టడం కూడా నావల్ల కాదు, సత్తిబాబు గోదావరి దాటి బతికే మనిషి కాదు. పద్మకి ఎవరో చెప్పడం, ఫోన్లో దొరికిపోవడం ఇవేమీ వద్దనుకుంటున్నా. సత్తిబాబే చెప్పాలి, తన నోటితో, కొట్టులో, షట్టరు తీసే ఉన్నప్పుడు. చివరి పెద్ద సీను అదే, వాసు అందులో ఉండడు. తర్వాత ఎవరు ఎక్కడుంటారో అది రాశాక చూస్తా. 2027 గురించి ఇప్పుడే ఆలోచించను.

అక్కా, పద్మ అధ్యాయం అయ్యాక పంపితే చదువుతారా?

పేరు చెప్పను:

పంపు. ఆదివారాలు ఖాళీ. కొట్టు తన పేరు మీద రాయించుకుంటుందన్న చోటు మాత్రం కంగారుగా దాటెయ్యకు, ఆస్తి మామగారి పేరు మీద ఉంటే అది అంత సులువు కాదు. గుమాస్తా గారిని అడిగి రాయి.